రైల్లో దొంగతనం జరిగే నిమిషాలు: సామానూ ప్రాణమూ కాపాడుకునే పద్ధతి

రైల్లో దొంగతనాలు ప్రయాణం పొడుగునా ఒకేలా జరగవు. బండి స్టేషన్‌లో ఆగబోయే ముందు, ఆగి కదులుతున్నప్పుడు, స్టేషన్‌కు కాస్త బయట (ఔటర్‌లో) సిగ్నల్ కోసం నిలబడ్డప్పుడు ఎక్కువగా జరుగుతాయి. దొంగకు బ్యాగు తీయడం కన్నా దాంతో దిగిపోవడం ముఖ్యం. జోరుగా పోతున్న బండిలో బ్యాగు కొట్టేసినా వాడు ఎక్కడికీ పోలేడు. అందుకే దిగే వీలు చూసుకునే చెయ్యి వేస్తాడు. ఈ సంగతి తెలిస్తే రాత్రంతా కళ్లు కాయలు కాచేలా కాపలా కాయక్కర్లేదు. మీ బండి ఏ స్టేషన్‌లో ఎన్నింటికి ఆగుతుందో చూసుకుని, ఆ కాస్సేపు మెలకువగా ఉంటే చాలు.

సికింద్రాబాద్‌లో సాయంత్రం బండెక్కి విశాఖ వెళ్లేవాళ్లకు విజయవాడ, ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట అన్నీ నిద్రవేళలోనే వస్తాయి. వీటిలో పెద్ద స్టేషన్లు రెండు ఎంచుకుని, అక్కడికి చేరడానికి పది నిమిషాల ముందు మోగేలా ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తుంటే తలా ఒక స్టేషన్ పంచుకోండి. లేచి సామాను ఒకసారి తడిమి చూసుకుని, బండి కదిలి వేగం అందుకున్నాక మళ్లీ పడుకోవచ్చు.

ఇంటి దగ్గర చేయాల్సిన పని

మీ చేతిలో ఉన్న సామానుకు పూచీ మీదే. రైల్వే చట్టం 1989లోని 100వ సెక్షన్ ప్రకారం, రసీదు ఇచ్చి బుక్ చేసుకోని సామాను పోతే, తమ సిబ్బంది నిర్లక్ష్యమో తప్పుడు ప్రవర్తనో రుజువైతేనే రైల్వే బాధ్యత వహిస్తుంది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా, నడుముకు కట్టుకున్న బెల్టులోంచి లక్ష రూపాయలు పోయిన ఒక ప్రయాణికుడి కేసులో, సొంత వస్తువును ప్రయాణికుడే కాపాడుకోలేకపోతే దాన్ని రైల్వే సేవాలోపంగా చూడలేమని చెప్పింది. పోయాక పరిహారం వస్తుందనే ఆశతో కాకుండా, పోకుండా చూసుకునే ఆలోచనతోనే బయల్దేరాలి.

ప్రతి బ్యాగునూ మూసి ఒకటి, తెరిచి ఒకటి ఫొటో తీయండి. నగలైతే ఒక్కోదాన్ని విడివిడిగా ఫొటో తీసి, బిల్లు ఫొటో పక్కన పెట్టుకోండి. ఫోన్‌లో *#06# నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు కనబడుతుంది. దాన్ని కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. ఆ ఐఎంఈఐ నంబరు పోయిన ఫోన్‌లోనే ఉంటే ఎందుకూ పనికిరాదు. పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ బ్యాగు లోపల కూడా వేయండి. పైన కట్టిన ట్యాగును దొంగ మొదటే తెంపేస్తాడు.

సంక్రాంతికీ పెళ్లిళ్లకూ వెళ్లేవాళ్లు బంగారమంతా ఒకే పెట్టెలో సర్దడం పెద్ద పొరపాటు. వేసుకోక తప్పనివి ఒంటి మీద ఉంచి, మిగతావి గుడ్డ సంచిలో పెట్టి లోబట్టలకు పిన్నీసుతో గుచ్చుకోవడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ అదే మేలు. చెన్నై, ముంబై పనుల నుంచి సొంతూరికి వచ్చే శ్రీకాకుళం, పాలమూరు కూలీలు నెలల కష్టాన్ని నోట్ల రూపంలో నడుముకు కట్టుకుని జనరల్ బోగీలో రావడం ఇంకా ఆగలేదు. వాళ్ల డబ్బు బయల్దేరే ముందే బ్యాంకు ఖాతాలోకి గానీ పోస్టాఫీసు ఖాతాలోకి గానీ చేరేలా చూడటం మేస్త్రీలు చేయగల మంచి పని.

ఎక్కేటప్పుడు

బోగీ తలుపు దగ్గర జేబుదొంగలు గుంపుగా పనిచేస్తారు. ముందున్నవాడు మెట్టు మీద ఆగి ఏదో పడిపోయినట్టు వంగుతాడు. వెనకవాడు తోస్తాడు. ఆ తోపులాటలో మూడోవాడు పర్సో ఫోనో లాగి నాలుగోవాడికి అందిస్తాడు. కాబట్టి ఫోన్, పర్సు, టికెట్ ఎక్కడానికి ముందే లోపలి జేబులోనో, మెడలో వేసుకుని ముందుకు తిప్పుకున్న చిన్న సంచిలోనో చేరిపోవాలి. ప్యాంటు వెనక జేబులో ఏమీ ఉండకూడదు. తలుపు దగ్గర ఎవరైనా కారణం లేకుండా ఆగితే తోసుకుని వెళ్లకుండా ఒక అడుగు వెనక్కి వేయండి.

ఇంకో రకం దొంగ నీటుగా బట్టలు కట్టుకుని, చేతిలో టికెట్‌తో ఏసీ బోగీలో తిరుగుతాడు. ఖాళీ ట్రాలీ బ్యాగు తెచ్చి మీ బ్యాగు పక్కన పెట్టి, దిగేటప్పుడు మీది తీసుకుపోతాడు. నిలదీస్తే "పొరపాటైంది సార్, ఒకేలా ఉన్నాయి" అంటాడు. ఏసీ కదా అని తాళం వేయనివాళ్లే అతనికి అనుకూలం. మీ నల్ల ట్రాలీ బ్యాగు పిడికి ఎర్ర గుడ్డ ఒకటి గట్టిగా ముడి వేస్తే ఆ సాకు చెల్లదు.

గొలుసు, తాళం

బెర్తు కింద గొలుసు తగిలించుకోవడానికి ఇనుప కడియాలు ఉంటాయి. ప్లాట్‌ఫాం మీద అమ్మే సన్న గొలుసు కటింగ్ ప్లేయరుకు తెగిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో మందపాటి లంకెల గొలుసు నాలుగడుగులు, మంచి తాళం ఒకటి కొనుక్కుంటే ఏళ్ల తరబడి వస్తాయి. గొలుసును బ్యాగు పక్కన గట్టిగా కుట్టిన పిడిలోంచి పోనివ్వాలి. చాలామంది పైకి లాగే ట్రాలీ హ్యాండిల్‌కు మాత్రమే వేస్తారు. అది గట్టిగా గుంజితే ఊడి వచ్చేస్తుంది. రెండు మూడు బ్యాగులుంటే ఒకే గొలుసు అన్నిటి పిడుల్లోంచి తిప్పి చివర తాళం వేయండి. ఆ మోపును మొత్తంగా మోసుకుపోవడం ఎవరికీ కుదరదు.

పిడి వైపు లోపలికీ చక్రాలు దారి వైపుకూ ఉండేలా బ్యాగును తోయండి. తాళం చెవి బ్యాగులో కాదు, ఒంటి మీద ఉండాలి. జిప్పుకు చిన్న తాళం వేశాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. తాళం ముట్టుకోకుండానే జిప్పు పళ్లను విడదీయొచ్చు. అందుకే గొలుసు వేసిన బ్యాగులో బట్టలే ఉండాలి. విలువైనవి ఒంటి మీదో తల కిందో ఉండాలి.

పై బెర్తు దొరికితే పెద్ద బ్యాగు కింద పెట్టక తప్పదు. కింది బెర్తువాళ్లతో ఒక మాట చెప్పి, అక్కడే గొలుసు వేయండి. చేతిసంచి మాత్రం మీతో పైకే. దాని పట్టీని మోచేతికి చుట్టుకుని గోడ వైపు పెట్టుకోండి.

కిటికీ, మెడలో గొలుసు తెంపుడు

స్లీపర్ బోగీ కిటికీకి కమ్మీలున్నా వాటి మధ్యలోంచి చెయ్యి దూరుతుంది. బండి ఔటర్‌లో నిలబడ్డప్పుడు, మెల్లగా కదులుతున్నప్పుడు పుస్తెలతాడుకు ఇదే ముప్పు. ఉక్కపోస్తున్నా సరే, బండి ఆగబోతోందంటే కిటికీ షట్టరు దించడం అలవాటు చేసుకోండి. అత్యవసర కిటికీకి ఉండే కమ్మీలు పైకి లేచేవి. ఆ కిటికీ పక్క బెర్తు పడితే రాత్రి షట్టరు పూర్తిగా మూసి, గొళ్లెం పడిందో లేదో చేత్తో నొక్కి చూడండి.

షట్టరు మూసి ఉంటే తల కిటికీ వైపు పెట్టుకోవడమే మంచిది. నడిచే దారి వైపు తల ఉంటే దారిన పోయేవాడి చేతికి మెడ అందుతుంది. కిటికీ తెరిచి పడుకోక తప్పకపోతే తల దారి వైపు తిప్పి, మెడ చుట్టూ కొంగో చున్నీయో బిగువుగా కప్పుకోండి. సైడ్ లోయర్‌లో శరీరమంతా కిటికీ పొడుగునా ఉంటుంది కాబట్టి అక్కడ తల వైపు షట్టరు తెరిచి ఉంచనే కూడదు.

తలుపు దగ్గర నిలబడి ఫోన్ మాట్లాడటం ఇంతకన్నా ప్రమాదం. పట్టాల పక్కనో సిగ్నల్ స్తంభం మీదో కాచుకున్నవాడు కర్రతో చేతి మీద కొడితే ఫోన్ కింద పడుతుంది. ముంబై లోకల్‌లో ఈ దొంగల్ని ఫట్కా గ్యాంగ్ అంటారు. అక్కడ ఫోన్‌తో పాటు మనుషులూ కింద పడి కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నారు. ఫోన్ పోతే పోనివ్వండి. దాని వెనక దూకకండి.

చార్జింగ్‌కు పెట్టిన ఫోన్ ఎప్పుడూ కంటి ముందే ఉండాలి. అగ్నిప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ప్లగ్గులకు కరెంటు ఆపేస్తారు కనుక, రాత్రంతా తగిలించి పడుకుంటే బ్యాటరీ నిండదు, దొంగకు మాత్రం దారి దొరుకుతుంది. చిన్న పవర్ బ్యాంకు దుప్పటి లోపల పెట్టుకోవడం నయం.

మత్తుమందు

ఎవరైనా రెండు మూడు గంటలు కబుర్లు చెప్పి, మీ ఊరివాళ్లమే అని వరస కలిపి, ఆ తర్వాతే టీయో బిస్కెట్టో ఇస్తారు. మత్తుమందు ఇచ్చేవాళ్ల పద్ధతి అది. పైకి మూసి ఉన్న ప్యాకెట్టైనా నమ్మొద్దు, ముందే తెరిచి మళ్లీ అతికించి ఉండొచ్చు. "ఇప్పుడే తిన్నానండీ" అని చెప్పి తప్పుకోండి. మొహమాటానికి ఒక్క గుక్క కూడా వద్దు. మీ నీళ్ల సీసా వదిలి బాత్రూంకు వెళ్లి వస్తే ఆ నీళ్లు పారబోయండి.

పక్కవాళ్లు ఎంత తట్టినా లేవకపోతే, మాట తడబడుతుంటే గాఢనిద్ర అనుకుని వదిలేయొద్దు. వెల్లకిలా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయినా ఊపిరికి అడ్డం పడదు. నీళ్లు, మజ్జిగ, నిమ్మరసం ఏదీ నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి వైద్యసాయం కావాలని చెప్పండి. మిగిలిన బిస్కెట్లు, కప్పు, సీసా ఒక కవర్లో వేసి పోలీసులకు ఇవ్వండి. ఆసుపత్రిలో రక్తం, మూత్రం నమూనాలు మొదటి గంటల్లోనే తీయమని అడగండి. ఆలస్యమైతే మందు ఆనవాళ్లు ఒంట్లోంచి పోతాయి, వాటితో పాటు కేసు బలమూ పోతుంది.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు

దూరప్రాంత మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లలో స్లీపర్‌లో ఆడవాళ్లకు ఆరు బెర్తుల కోటా ఉంటుంది. ఐఆర్‌సీటీసీలో టికెట్ తీసేటప్పుడు లేడీస్ కోటా ఎంచుకుంటే తోటి ఆడవాళ్ల మధ్య చోటు దొరికే అవకాశం ఎక్కువ. 2020 నుంచి ఆర్పీఎఫ్ (రైల్వే రక్షక దళం) నడుపుతున్న మేరీ సహేలీ కార్యక్రమంలో మహిళా సిబ్బంది బండి బయల్దేరే చోట ఒంటరి ప్రయాణికుల్ని పలకరించి, బోగీ, బెర్తు నంబర్లు రాసుకుని దారిలోని స్టేషన్లకు పంపుతారు. వాళ్లు మీ దగ్గరకు రాకపోతే 139కి మీరే ఫోన్ చేసి చెప్పొచ్చు.

ఆడవాళ్లకే కేటాయించిన రైలు పెట్టె గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అది నిండుగా ఉన్నంతసేపే భద్రం. 2025 ఫిబ్రవరిలో కోయంబత్తూరు–తిరుపతి ఇంటర్‌సిటీలో చిత్తూరు వస్తున్న ఒక గర్భిణితో పాటు ఉన్న ఆడవాళ్లంతా జోలార్‌పేటలో దిగిపోయారు. ఆ తర్వాత ఆ పెట్టెలోకి ఎక్కిన మగవాడు ఆమెపై దాడి చేసి, కదులుతున్న బండిలోంచి తోసేశాడు. ఆమె కడుపులోని బిడ్డ పోయింది. మీ చుట్టూ ఉన్నవాళ్లు దిగిపోతున్నారంటే, వాళ్లతో పాటే దిగి పక్కనున్న జనమున్న బోగీలోకి మారండి. టికెట్ తరగతి గురించి అప్పుడు ఆలోచించొద్దు, ఎక్కాక టీటీఈకి చెప్పుకోవచ్చు. టికెట్ లేదని ఒంటరి స్త్రీనో పిల్లనో ఎక్కడపడితే అక్కడ దించేయడానికి కూడా వీల్లేదు. రైల్వే చట్టంలోని 139వ సెక్షన్ ప్రకారం బయల్దేరిన స్టేషన్‌లో గానీ, జంక్షన్‌లో గానీ, బండి చివరి స్టేషన్‌లో గానీ, జిల్లా కేంద్రంలో గానీ, అదీ పగటిపూటే దించాలి.

ఆడవాళ్ల పెట్టెలోకి మగవాడు ఎక్కడం 162వ సెక్షన్ కింద నేరం. బండి కదలకముందే ప్లాట్‌ఫాం మీదున్న ఆర్పీఎఫ్ వాళ్లకు చూపించండి, కదిలాక అయితే 139కి చెప్పండి.

చైన్ లాగాలా, వద్దా

మనిషి కింద పడ్డా, ఎవరినైనా తోసేసినా, దాడి జరుగుతున్నా, పసిపిల్ల ప్లాట్‌ఫాం మీద మిగిలిపోయినా వెంటనే చైన్ లాగండి. కారణం లేకుండా లాగితేనే 141వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వందేభారత్‌లో తలుపుల దగ్గరున్న మీట నొక్కి సిబ్బందితో నేరుగా మాట్లాడొచ్చు.

మనిషి పడిన చోటు చెప్పడానికి పట్టాల పక్కన కరెంటు స్తంభాల మీద రాసిన అంకెలు చూడండి. పైది కిలోమీటరు, కిందిది ఆ కిలోమీటరులో స్తంభం వరస. 352 కింద 14 అని ఉంటే ఆ రెండూ చెప్తే చాలు, వెతికేవాళ్లు సూటిగా అక్కడికే వెళ్తారు. ఫోన్ జారిపడ్డప్పుడూ ఇదే పద్ధతి. కానీ ఫోన్ కోసం చైన్ లాగొద్దు.

బ్యాగు పోయింది, దొంగ ఇంకా బండిలోనే ఉన్నాడనిపిస్తే అడవిలోనో చేల మధ్యనో చైన్ లాగడం వాడికి మేలు చేసినట్టే. బండి ఆగితే చీకట్లోకి దూకి పోతాడు. అప్పుడు 139కి ఫోన్ చేసి, రాబోయే స్టేషన్‌లో పోలీసులు తలుపుల దగ్గర నిలబడేలా చేయడం సరైన దారి.

ఫిర్యాదు ఎలా చేయాలి

139కి ఫోన్ చేసి భాష ఎంచుకున్నాక, భద్రత, వైద్యసాయం కోసం 1 నొక్కితే మనిషే మాట్లాడతారు. ఈ వరసలో చెప్పండి: బండి నంబరు, బోగీ, బెర్తు, ఇప్పుడే దాటిన స్టేషన్, రాబోయే స్టేషన్, ఏం జరిగింది, అనుమానితుడు ఎలా ఉన్నాడు, ఏ బట్టలు. పీఎన్‌ఆర్ దగ్గరుంటే అదీ. ఏడుపూ వివరణా తర్వాత. మొదటి అర నిమిషంలో చోటు చేరాలి. రైల్ మదద్ యాప్‌లో కూడా రాసి, వచ్చిన ఫిర్యాదు నంబరు దాచుకోండి.

ఆర్పీఎఫ్ కేంద్రానిది, జీఆర్పీ (రైల్వే పోలీసు) రాష్ట్ర పోలీసులది. రైల్లో దొంగతనం, దాడి కేసులు నమోదు చేసేది జీఆర్పీ. తెలంగాణలో సికింద్రాబాద్, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, గుంతకల్లు జీఆర్పీ ఎస్పీల కింద ఈ స్టేషన్లు ఉంటాయి. "ఇది మా పరిధి కాదు" అని ఎవరైనా అంటే, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ కట్టాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోందని గుర్తు చేయండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. అసలు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపే హక్కు కూడా అదే సెక్షన్ ఇచ్చింది.

ప్రయాణం మధ్యలో దిగాల్సిన పని లేదు. ఎఫ్‌ఐఆర్ ఫారాలు టీటీఈ, కోచ్ అటెండెంట్, గార్డు, ఎస్కార్ట్ పోలీసుల దగ్గర ఉంటాయి. నింపి ఇస్తే వచ్చే స్టేషన్‌లో జీఆర్పీకి అందుతుంది.

ఫిర్యాదులో చాలామంది "రాత్రి పోయింది" అని రాసి ఊరుకుంటారు. అది చాలదు. "ఖమ్మం దాటాక బ్యాగు ఉంది, మహబూబాబాద్‌లో మెలకువ వచ్చి చూస్తే లేదు" అని రాస్తే, ఆ మధ్య బండి ఎక్కడెక్కడ ఆగిందో, ఎవరు దిగారో కెమెరాల్లో వెతకగలరు. స్టేషన్ కెమెరాల రికార్డు సాధారణంగా 30 రోజులే నిలవుంటుంది. ఊరికి వెళ్లి, పండగ చేసుకుని, వచ్చాక ఫిర్యాదు ఇచ్చేవాళ్లు ఆ సాక్ష్యాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

బండిలో మరిచిపోయిన బ్యాగుకు దారి వేరు. 139కి చెప్తే రాబోయే స్టేషన్‌లో ఆర్పీఎఫ్ వాళ్లు దించి భద్రపరుస్తారు. టికెట్, గుర్తింపు కార్డు చూపించి తెచ్చుకోవచ్చు.

ఫోన్ పోతే ముందు సిమ్ ఆపించండి, ఆ వెంటనే బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుని, పోలీసు ఫిర్యాదు నకలుతో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఐఎంఈఐ నమోదు చేస్తే దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ ఆ ఫోన్ పనిచేయదు. ఎవరైనా కొత్త సిమ్ వేసినప్పుడు ఆచూకీ పోలీసులకు చేరుతుంది.

డబ్బు విషయం

ఐఆర్‌సీటీసీలో టికెట్ తీసేటప్పుడు ఒక్కో ప్రయాణికుడికి 45 పైసల బీమా ఎంచుకోండి. చనిపోయినా, పూర్తిగా వికలాంగులైనా 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 2 లక్షల దాకా వస్తుంది. టికెట్ తీసిన తర్వాత వచ్చే మెసేజ్‌లోని లింకు తెరిచి నామినీ పేరు నింపాలి. ఇక్కడే ఎక్కువమంది వదిలేస్తారు. పోయిన సామానుకు ఈ బీమా వర్తించదు.

బీమా లేకపోయినా, టికెట్ ఉన్న ప్రయాణికుడు దోపిడీలోనో దాడిలోనో చనిపోయినా, ప్రమాదవశాత్తూ బండిలోంచి పడిపోయినా రైల్వే చట్టంలోని 124ఎ సెక్షన్ కింద రైల్వే పరిహారం ఇవ్వాలి. మరణానికి అది 8 లక్షలు. ఏడాదిలోపు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టాలి. టికెట్టే అసలు ఆధారం కనుక, జనరల్ టికెట్ కొన్న వెంటనే ఫొటో తీసి ఇంటివాళ్లకు పంపండి.

దొరికిన నగలు పోలీసులు చేతికి నేరుగా ఇచ్చేయరు. కోర్టులో అర్జీ పెట్టుకుని విడిపించుకోవాలి. ఆ నగ మీదేనని అక్కడ తేల్చేవి మీరు బయల్దేరే ముందు తీసిన ఫొటో, తూకం రాసి ఉన్న బిల్లు, ఎఫ్‌ఐఆర్‌లో రాయించిన గుర్తులు. అందుకే ఫిర్యాదులో "బంగారు గొలుసు ఒకటి" అని వదిలేయకుండా, ఎన్ని గ్రాములు, ఏ డిజైను, ఎక్కడ అతుకు వేయించారో కూడా రాయించండి.